కాదను హక్కు: చీరాల-పేరాల కథ

మనుష్యుని చెవికి మిక్కిలి కటువుగా వినిపించు మాటలలో 'వీలులేదు' అనునది యొకటి. పసివానితో పొయ్యి దగ్గరకు పోవలదని చెప్పి చూడుడు. అంతవరకు ఆ వైపు కన్నెత్తి చూడనివాడు అప్పటినుండి దానినే చూచుచుండును. పెద్దవారమైనంత మాత్రమున మన స్వభావము మారదు. ఇంటి పెద్ద గాని, ఊరి పెద్ద గాని, ప్రభుత్వము గాని ఆ మాట పలుకగానే లోపల ఏదో యొకటి తల యెత్తును. దానికి మన భాషలో పేర్లు పెక్కు కలవు. మెచ్చుకొన్నప్పుడు పౌరుషమందుము, పట్టుదల యందుము. మెచ్చనప్పుడు పంతమందుము, మొండితనమందుము. వస్తువు ఒకటే, పేరు మాత్రము చెప్పువాని యిష్టమును బట్టి మారుచుండును.

మన పురాణములు ఈ గుణమును చక్కగా గుర్తించినవి. తండ్రి తొడపై కూర్చుండుటకు నీకు అర్హత లేదని సవతి తల్లి సురుచి పలికిన మాటతో ధ్రువుడు అడవికి పోయెను. తండ్రి తొడకంటె ఎంతో ఎత్తైన స్థానమును సంపాదించెను. బొందితో స్వర్గమునకు పోవుట వీలుకాదని వసిష్ఠుడు త్రిశంకునకు చెప్పెను. విశ్వామిత్రుడు పట్టుబట్టి అతనిని పైకి పంపెను. ఇంద్రుడు క్రిందికి త్రోయగా నడుమ వేరొక స్వర్గమునే కల్పించెను. ధ్రువుని కథను పిల్లలకు ఆదర్శముగా చెప్పుదుము. త్రిశంకు స్వర్గమును మాత్రము ఎటూ కాని స్థితికి సామెతగా వాడుదుము. రెండు కథలకును మూలము ఒక నిరాకరణమే. ఫలములలో ఇంత భేదమేల వచ్చినది? ఈ ప్రశ్నను మనసునందుంచుకొని ఆంధ్రదేశ చరిత్రలోని ఒక ఘట్టమును మరల పరిశీలింపదలచినాము.

'వీలులేదు' అను మాట మూడు విధములుగా వినవచ్చును. మొదటిది, 'ఇది నీచేత కాదు' అనుట. అది శక్తిని గూర్చిన మాట. చేసి చూపుటయే దానికి జవాబు. రెండవది, 'ఇది నీవు చేయరాదు' అనుట. అది అనుమతిని గూర్చిన మాట. సముద్రతీరమున ఉప్పు తీయరాదన్న చట్టమునకు 1930 ఏప్రిలు 6వ తేదీన దండి తీరమున గాంధీజీ పిడికిట పట్టిన ఉప్పే జవాబు. మూడవది వీనికంటె చిత్రమైనది. 'మేము నీకు మేలు చేయుచున్నాము. అక్కరలేదనుటకు నీకు వీలులేదు' అనుట. దీనికి జవాబు వెదకుట కష్టము. చేసి చూపవలసిన కార్యము లేదు, ధిక్కరించి తీయవలసిన ఉప్పు లేదు. ఉన్నచోట ఉన్నంతకాలము ఆ మేలు నెత్తిపై పడుచునే యుండును. ఇట్టి సమయములందు వేరువేరు దేశముల ప్రజలు, ఒకరి సంగతి ఒకరు ఎరుగకయే, ఒకే ఉపాయమును కనుగొనిరి. అది ఉన్నచోటును విడిచిపోవుట.

క్రీస్తుపూర్వము 494లో రోము నగరమున ఇట్టిది జరిగినదని ఆ దేశపు చరిత్రకారులు వ్రాసినారు. అప్పుల వలన దాస్యమున పడిన సామాన్యులు, యుద్ధమునకు రమ్మన్నప్పుడు పోము అనుటకు హక్కులేనివారు, ఒకనాడు నగరమును విడిచి ఆనియో నదికి ఆవలనున్న కొండపైకి పోయి కూర్చుండిరి. కత్తి దూయలేదు, ఇల్లు కాల్చలేదు. పాటుపడు చేతులు లేక నగరము స్తంభించినది. కులీనులు రాయబారమంపి, సామాన్యుల పక్షమున ట్రిబ్యూనులను అధికారులుండుటకు అంగీకరించిరి. కాలక్రమమున ఆ పదవికి అలవడిన బలమెట్టిదో గమనింపదగినది. ప్రభువులు చేయు పనిని 'నేను అడ్డుచున్నాను' అని ఆపుటయే దాని బలము. 'వీటో' అను మాట ఆ భాషలోనిదే. కాదనుటకు వీలులేనివారు సంపాదించుకొన్నది కాదనెడి హక్కు.

మన దేశమున 1810లో ఈస్టిండియా కంపెనీవారు ఇండ్లపై పన్ను విధించిరి. కాశీ ప్రజలు అంగళ్లు మూసి, పనిముట్లు ప్రక్కన బెట్టి, ఇండ్లు విడిచి, ఆ సంవత్సరాంతమున మైదానమున చేరి కూర్చుండిరి. సమ్మె కొన్ని వారములు సాగి విరమింపబడినను, కొంతకాలమునకు ప్రభుత్వము ఆ పన్నును మానుకొనెను. కనుక చీరాల ప్రజలు చేసినది ఎవరో సీమనుండి తెచ్చి నేర్పిన విద్య కాదు. ఈ దేశపు ప్రజలకు తెలిసిన పాత ఉపాయమే.

ఇక చీరాల సంగతి. చీరాల, పేరాల అను రెండు ఊళ్లు బంగాళాఖాతమునకు చేరువగా, మద్రాసు-బెజవాడ రైలు మార్గముమీద ఒకదానినొకటి ఆనుకొని యున్నవి. అప్పుడవి గుంటూరు జిల్లాలోనివి. తరువాత ప్రకాశం జిల్లాలో చేరి, 2022నుండి బాపట్ల జిల్లాలో ఉన్నవి. రెండింటి జనసంఖ్య 1921 నాటికి సుమారు 15,000. నేతగాండ్రు, రైతులు, చిల్లర వర్తకులు. అంతవరకు అక్కడ యూనియను అను చిన్న స్థానిక సంఘముండెడిది; దాని పన్నులు స్వల్పము. మద్రాసు ప్రభుత్వము ఈ ఊళ్లను పురపాలక సంఘముగా, అనగా మునిసిపాలిటీగా మార్చినది. దానితో పన్నులు ఒక్కసారిగా పలు రెట్లు పెరిగినవి.

ప్రభుత్వపు వాదమును కూడ న్యాయముగా వినవలెను. ఊరు పెరుగుచున్నది; జనము ఒక్కచోట మూగినప్పుడు మురుగు కాలువలు, వీధి దీపములు, మంచినీరు, పారిశుద్ధ్యము అవసరము. వీనికి ధనము కావలెను. ఈ వాదములో అసత్యము లేదు. ప్రజల వాదములోను అసత్యము లేదు. దినమంతయు మగ్గములో కూర్చున్నను రెండు పూటల గంజి దొరకుట కష్టమైన ఇంటికి పెరిగిన పన్ను దీపమువలె కనబడదు, గంజిలో కోతవలె కనబడును. వారు అర్జీలు పెట్టుకొనిరి. మాకీ పెద్దరికము వద్దు, పాత యూనియనే చాలునని వేడిరి. అర్జీలు ఫలింపలేదు.

ఇచ్చట ఒక విపరీతమును గమనింపవలెను. 1919 నాటి రాజ్యాంగ సంస్కరణముల ప్రకారము కొన్ని శాఖలు భారతీయులైన మంత్రుల చేతికి వచ్చినవి. వానిలో స్థానిక స్వపరిపాలన శాఖ ముఖ్యమైనది. మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గమేర్పడగా, 1920 డిసెంబరులో పానగల్లు రాజావారు ఆ శాఖకు మంత్రియైరి. స్వపరిపాలన పేరుతో నున్న శాఖ, తమ సంగతి తాము చూచుకొందుమన్న ఊరితో, అట్లనుటకు వీలులేదని చెప్పవలసి వచ్చెను. మంత్రి తెలుగువాడు, ప్రజలు తెలుగువారు. దొర చెప్పిన 'వీలులేదు' కంటె మనవాడు చెప్పిన 'వీలులేదు' తేలికగా నుండునని ఎవరైన తలచియుందురేమో. అది ఇంకను గట్టిగా తగిలినది.

పురపాలక సంఘములోని ప్రజాప్రతినిధులు రాజీనామా లిచ్చిరి. జనము పన్ను చెల్లించుట మానిరి. ప్రభుత్వము కొందరిపై నేరము మోపి కారాగారమునకు పంపెను. వారిలో ఒక స్త్రీయు ఉండెను. ఈ పోరాటమునకు నాయకుడైనవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆంధ్రులు ఆయనను ఆంధ్రరత్నమని పిలిచిరి.

గోపాలకృష్ణయ్య 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించెను. స్కాట్లండు పోయి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందెను. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమునకు తెచ్చెను. ఆ గ్రంథము 1917లో అమెరికాలో అచ్చయ్యెను. తిరిగి వచ్చి ఉపాధ్యాయ వృత్తిలో కొంతకాలముండి, తుదకు చీరాలను కార్యక్షేత్రముగా గైకొనెను. రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చెను. పురాణ కథలు తెలిసినవాడు, పాడగలవాడు, ఆటపాటల రుచి తెలిసినవాడు, చమత్కారముగా మాటలాడువాడు. నాట్యశాస్త్రమును చదివినవాడు పన్నుల పోరాటమునకు నాయకుడగుట వింతగా తోచవచ్చును. కాని వేలకొలది జనమును కోపమునుండి క్రమశిక్షణలోనికి తేవలెనన్నచో, లెక్కల కాగితము మాత్రమే చాలదు. పాటయు కావలెను, కథయు కావలెను.

1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. అక్కడ రామదండు సేవచేసినది. పిమ్మట ఏప్రిలు మొదటి వారములోనే గాంధీజీ చీరాలకు వచ్చిరి. ఆయన ప్రజల ముందు రెండు త్రోవలుంచిరి. ఒకటి, ఉన్నచోటనే ఉండి, పన్ను చెల్లింపక, జప్తులకును చెరసాలకును ఓర్చి, అహింసను తప్పకుండుట. రెండవది, పురపాలక సంఘపు ఎల్ల దాటి వెలుపలికి పోవుట. ఏ త్రోవ పట్టినను భారము మీదే, కాంగ్రెసు ధనసహాయముపై ఆశ పెట్టుకొనవలదని స్పష్టముగా చెప్పిరి. ఈ మాట కొందరికి కఠినముగా తోచియుండవచ్చును. కాని అది గౌరవించి చెప్పిన మాట. వెల ఎంతో ముందుగా చెప్పి, కొనుటయు మానుటయు మీ యిష్టమని వదలుట అది. ప్రభుత్వము వారిని అడుగని ప్రశ్నను ఆయన అడిగిరి.

చీరాల రెండవ త్రోవ పట్టినది. ఆ నెల కడపట వలస ఆరంభమైనది. 15,000 మందిలో సుమారు 13,000 మంది ఇండ్లు విడిచి ఎల్ల వెలుపల పాకలు వేసికొనిరి. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు. రాముడున్న చోటే అయోధ్య యన్న నమ్మకము ఆ పేరులో ఉన్నది. ఇందులోని తర్కము చూడుడు. పురపాలక సంఘమనునది చట్టములో ఒక సరిహద్దు. సరిహద్దు లోపల నున్న ఇంటికి పన్ను, నరునికి పన్ను. ఊరంతయు సరిహద్దు దాటినచో మిగులునది సరిహద్దు మాత్రమే. వద్దనుటకు వీలులేదన్న ప్రభుత్వమునకు, వద్దని చెప్పక, సరే ఉంచుకొనుడని చెప్పినట్లయినది.

మాటలలో ఇది సొగసుగా నున్నది. చేతలలో ఎట్లుండునో ఒక నేతగాని ఇంటినుండి చూడవలెను. గుంట మగ్గము నేలలో పాతుకొన్న వస్తువు. కాళ్లు పెట్టుటకు గుంట త్రవ్వి, గుంజలు పాతి, దానికి సరిపడ నిలుపవలెను. దానిని బండిమీద వేసికొని పోవుటకు వీలు లేదు. విప్పి, కొత్తచోట మరల గుంట త్రవ్వవలెను. పడుగు సాచి గంజి పట్టించుటకు పొడవైన వీధి కావలెను, నీడ కావలెను. పాక కప్పు కారినచో గంజి పెట్టిన నూలు పాడగును. మగ్గము ఆడని దినము కూలి లేని దినము. అది వైశాఖమాసపు ఎండలు మండు కాలము. ఆపైన వానలు, ఆపైన కోస్తా తీరమునకు తుఫానులు వచ్చు కార్తికము. ముసలివారు, బాలెంతలు, చంటిబిడ్డలు పాకలలో ఉండిరి. విడిచిన ఇల్లు కంటి ఎదుటనే ఉన్నది. తలుపు తీసికొని లోపలికి పోవుటకు అడ్డు లేదు. పోకుండుటయే పోరాటము. పోరాటములలో ఇది కష్టమైనది. కొట్లాటలో ఒక్క గంట ధైర్యము చాలును. ఇక్కడ ప్రతి ఉదయమును కొత్తగా ధైర్యము తెచ్చుకొనవలెను.

అట్లు సుమారు పదకొండు నెలలు గడచినవి. కోపముతో మాత్రమే మనుష్యుడు పదకొండు నెలలు పాకలో ఉండలేడు. నీరు చూచుకొనవలెను, తగవులు తీర్చుకొనవలెను, లేనివానికి పెట్టవలెను, రాత్రి కావలి కాయవలెను. అనగా, పురపాలక సంఘము వద్దని వెళ్లినవారు తమ పాలన తామే చేసికొనవలసి వచ్చెను. వారికి దీపముపై ద్వేషము లేదు, శుభ్రముపై ద్వేషము లేదు. తమ్ము అడుగకుండ తమకు పెద్దరికము కట్టబెట్టుటయే వారు సహింపనిది.

ధనము అవసరమై, గోపాలకృష్ణయ్య ఊళ్లు తిరుగుచుండెను. ఆ సందర్భమున, నాడు మద్రాసు రాజధానిలోనుండి నేడు ఒడిశాలో నున్న బరంపురమునకు పోగా, అక్కడ ఉపన్యసింపరాదని అధికారులు ఉత్తరువిచ్చిరి. ఇది రెండవ రకపు 'వీలులేదు'. ఆయన ఉపన్యసించెను. ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచినాపల్లి చెరసాలకు పంపిరి. ఆ ఉత్తరువును ధిక్కరించుట ఆయన స్వభావమునకు తగినదే. కాని ఆ ధిక్కారమునకు రామనగరము చెల్లించిన మూల్యమును కూడ చరిత్రకారుడు లెక్కకు తేవలెను. నాయకుడు లేని పాకలలో చలికాలము గడచినది. ధనము తగ్గినది, ఉత్సాహము తగ్గినది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన పిమ్మట గాంధీజీ సత్యాగ్రహమును నిలిపివేసిరి. ఆ నెలలోనే అదే గుంటూరు జిల్లాలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ ముగిసినది. పలనాట పుల్లరి పోరాటమున కన్నెగంటి హనుమంతు కాల్పులకు బలియయ్యెను. చీరాల ప్రజలు క్రమముగా తమ ఇండ్లకు తిరిగి పోయిరి. పురపాలక సంఘము నిలిచినది, పన్ను నిలిచినది. గోపాలకృష్ణయ్య 1928 జూనులో క్షయవ్యాధితో మరణించెను. నలువది యేండ్లు నిండలేదు.

అట్లయిన ఈ కథ ధ్రువుని వంటిదా, త్రిశంకుని వంటిదా? ఫలమును మాత్రమే చూచువారు త్రిశంకు స్వర్గమే యందురు. రోము సామాన్యులకు ట్రిబ్యూనులు వచ్చిరి, కాశీవారికి పన్ను పోయెను, చీరాలకు ఏమియు రాలేదు. ఇది కాదనరాని మాట. పొగడ్తతో దీనిని కప్పుట ఆ పాకలలో కష్టపడినవారికి మర్యాద కాదు. కష్టము అందరికి సమముగా పంచబడలేదు కూడ. నిలువ ధనమున్న వర్తకునికి పదకొండు నెలలు ఒకటి, రెక్కాడితే గాని డొక్కాడని నేతగానికి పదకొండు నెలలు వేరొకటి.

అయినను పంతమునకును పట్టుదలకును గల భేదము ఇక్కడ తెలియుచున్నది. పంతము ఎదుటివానిని చూచుచుండును. వాడు ఓడిన చాలును, తనకేమైనను సరే. విశ్వామిత్రుని చూపు ఇంద్రునిమీద నున్నది. నడుమ తలక్రిందులుగా వ్రేలాడుచున్నవాని సంగతి తరువాతిది. పట్టుదల తన పనిని చూచుచుండును. ధ్రువుడు సురుచిని తిట్టుచు కూర్చుండలేదు. రామనగరమున గుంట త్రవ్వి మగ్గము నిలుపుకొన్న నేతగాడు మంత్రిని ఓడించుటకు మాత్రమే త్రవ్వలేదు. మరునాడు నేయుటకు త్రవ్వెను. ఆ ఊరు ఒక్క నాయకునిమీద అంతగా ఆధారపడకున్నచో ఎన్నాళ్లు నిలిచియుండెడిదో ఊహింపవచ్చును గాని తేల్చి చెప్పలేము. ఓడినవారి పట్టుదలలో లోపము వెదకుట సులభము; పదకొండు నెలలు నిలిచిన సంగతిని మరువకుండుట న్యాయము.

వారు లేవదీసిన ప్రశ్నయు ముగియలేదు. నేటి చీరాల పురపాలక పట్టణమే. 1993 జూన్ 1నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణములకు ఎన్నికైన సభలుండవలెనని శాసించినది. ఇది గొప్ప మేలు. కాని ఒక ప్రాంతము పట్టణమగునా కాదా యనుటను 243-క్యూ అధికరణము ప్రకారము గవర్నరు ప్రకటించును. జనసంఖ్య, జనసాంద్రత, స్థానికాదాయము, వ్యవసాయేతర వృత్తులవారి శాతము మొదలగు వానిని దృష్టిలో నుంచుకొనవలెనని అందున్నది. ఆ లెక్కలలో ఊరివారి సమ్మతి అనునది పేరుతో చెప్పబడలేదు. పాలకులను ఎన్నుకొనుటకు మనకు హక్కు వచ్చినది. మాకీ మార్పు వద్దనుటకు, అట్లన్నప్పుడు ఆ మాటను వినిపించుకొనునట్లు చేయుటకు, త్రోవ ఎంతవరకు ఏర్పడినదో ప్రతి ఊరును తన అనుభవమును బట్టి చెప్పవలెను.

అధికారమున నున్నవారు మేలు చేయదలచినప్పుడే ఈ కథను జ్ఞాపకముంచుకొనవలెను. కీడు చేయువానికి తాను ఎదిరింపబడుదునని తెలియును. మేలు చేయువానికి మాత్రము, ఇంత మంచి పనిని వీరేల వద్దనుచున్నారని ఆశ్చర్యము, పిమ్మట కోపము వచ్చును. అప్పుడు నోటినుండి వచ్చు మొదటి మాట 'అట్లనుటకు వీలులేదు' అని. ఆ మాటకు బదులు 'ఏల వద్దనుచున్నారు?' అని అడిగియున్నచో, 1921 వేసవిలో 13,000 మంది తమ ఇండ్లను కంటి ఎదుట నుంచుకొని ఎండలో పాకలు వేసికొనవలసిన పని లేకపోవచ్చును.